బ్రోడీ పట్టణం ఎందుకు వెనకబడింది: రైలు వల్లనా, సుంకం వల్లనా?

గవాక్షం అడిగిన ప్రశ్న

నేటి పోలండు, ఉక్రెయిన్‌ల మధ్య విస్తరించి ఉన్న గలీషియా ప్రాంతపు చరిత్ర మీద ఆసక్తితో కొంతకాలంగా చదువుతున్నాను. పశ్చిమ ఉక్రెయిన్‌లో, ల్వీవ్ నగరానికి ఈశాన్యంగా దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రోడీ అనే చిన్న పట్టణం ప్రస్తావన ఆ చదువులో పదే పదే ఎదురవుతోంది. ఈనాడు అక్కడ ఉండేది సుమారు 23 వేల మంది. పటంలో పనిగట్టుకుని వెతికితే తప్ప కంటబడని ఊరు. అయితే రెండు వందల ఏళ్ళ కిందట ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న గలీషియాలోని పెద్ద పట్టణాల్లో ఇది ఒకటి. జర్మనీలోని లైప్‌జిగ్ సంతలకు వెళ్ళే వర్తకుల్లో ఈ ఊరివారికి ప్రత్యేకమైన పేరుండేది. అంత వైభవం చూసిన ఊరు పంతొమ్మిదో శతాబ్దం చివరికి పేదరికానికి మారుపేరుగా ఎలా మారిందన్నది నా ప్రశ్న.

నేను చూసిన వివరణలు రెండు రకాలుగా ఉన్నాయి. రైలుమార్గం వచ్చాక సరుకు ఈ ఊళ్ళో దిగవలసిన అవసరం తీరిపోయిందని, దాంతో వర్తకం చితికిపోయిందని కొందరు రాశారు. 1779లో వియన్నా ప్రభుత్వం ఇచ్చిన స్వేచ్ఛా వాణిజ్య హోదాను సరిగ్గా నూరేళ్ళకు రద్దు చేయడమే ఈ పతనానికి కారణమని మరికొందరు అన్నారు. రెండూ దాదాపు ఒకే దశాబ్దంలో జరిగినవే కాబట్టి ఏది ఎంతవరకు కారణమో విడదీయడం నాకు సాధ్యం కాలేదు. అంతకుముందు ఆ హోదా వల్ల ఊరికి నిజంగా ఒరిగిందేమిటో, ఊళ్ళోని మామూలు మనిషి మీద దాని ప్రభావం ఎలా ఉండేదో కూడా ఎవరైనా వివరించగలిగితే సంతోషిస్తాను.

పాతపటం సమాధానం

గవాక్షం గారూ, మీ ప్రశ్నకు జవాబు 1779లో కాక, దానికి నూటయాభై ఏళ్ళ ముందు మొదలవుతుంది. బ్రోడీ పేరు 1084 నాటి సంఘటనలను చెప్పే వ్లదిమిర్ మొనమాఖ్ ఉపదేశంలోనే కనిపిస్తుంది. నగర పాలనకు సంబంధించిన మాగ్డెబర్గ్ హక్కులు 1584లో స్తానిస్వాఫ్ జూల్కియెవ్‌స్కీ యజమానిగా ఉన్నప్పుడు వచ్చాయి. అయినా ఆ ఊరికి ఒక రూపం ఏర్పడింది మాత్రం 1629లో పోలండు సేనాని స్తానిస్వాఫ్ కొనియెత్స్‌పోల్స్కీ దాన్ని కొన్న తరువాతే. ఆ రోజుల్లో ఒక ఊరు మొత్తం ఒక ప్రభువు సొంత ఆస్తిగా ఉండడం పోలండు రాజ్యంలో మామూలు విషయం. బ్రోడీ కూడా అలాంటి సొంత ఊరే. తరువాత సోబియెస్కీల చేతికీ, 1704లో పొతొత్స్కీల చేతికీ మారింది.

కొనియెత్స్‌పోల్స్కీ 1630ల తొలి సగంలో ఇక్కడ అయిదు కోణాల కోటను, ఊరి చుట్టూ బురుజులతో కూడిన రక్షణ వలయాన్ని కట్టించాడు. ఆ పనిలో పాలుపంచుకున్న ఫ్రెంచి ఇంజనీరు గియోం ల వాసెర్ ద బోప్లాన్, ఆ తరువాత ఉక్రెయిన్ పటాలు గీసి ఐరోపా అంతటా పేరు తెచ్చుకున్న మనిషే. చుట్టూ చిత్తడి నేల ఉన్న చోట మట్టికట్టలు, ఇటుక గోడలు లేపి, లోపల వీధులను ముందే గీసుకున్న పథకం ప్రకారం వేశారు. అయితే ప్రభువు దృష్టి కోట దగ్గరే ఆగిపోలేదు. అర్మేనియన్లను, గ్రీకులను, యూదులను, స్కాట్లాండు వర్తకులను కూడా ఇక్కడ స్థిరపడనిచ్చాడు. కోర్ఫు ద్వీపం నుంచి వచ్చిన మాన్యుయెల్ అనే నేతగాడి చేత తూర్పుదేశాల పద్ధతిలో బంగారు జరీ, పట్టు బట్టలు నేసే కర్మాగారం పెట్టించాడు. 1648లో కొసాకుల నాయకుడు బొగ్దాన్ ఖ్మెల్నిత్స్కీ సేనలు ముట్టడించినప్పుడు ఊరు దెబ్బతిన్నా కోట మాత్రం లొంగలేదు. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆస్ట్రియా వచ్చి బ్రోడీని వర్తక కేంద్రంగా తయారు చేయలేదు. అప్పటికే చేయితిరిగిన వర్తకులున్న ఊరు ఆస్ట్రియా చేతికి చిక్కింది, అంతే.

1772లో పోలండు తొలి విభజన జరిగినప్పుడు బ్రోడీ ఆస్ట్రియా వాటాలోకి పోయింది. ఊరి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాద్జివిలూవ్ అప్పటికింకా పోలండులోనే ఉంది. 1795 నాటి మూడో విభజనతో అది రష్యాది అయింది. అంతవరకు ఒకే రాజ్యం మధ్యలో ఉన్న ఊరు ఇరవై మూడేళ్ళలో రెండు సామ్రాజ్యాల అంచున నిలబడవలసి వచ్చింది. ఆస్ట్రియా తన మామూలు సుంకాలను ఇక్కడ కూడా విధించి ఉంటే వర్తకులు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటి వెళ్ళిపోయేవారే. ఆ భయంతోనే మరియా తెరెసా ప్రభుత్వం 1779లో బ్రోడీని, దానిని ఆనుకున్న కొద్ది గ్రామాలను సామ్రాజ్యపు సుంకపు పరిధికి వెలుపల ఉంచింది.

ఇది ఆచరణలో ఎలా పనిచేసేదో చూడండి. రష్యా వైపు నుంచి తోళ్ళు, ఉన్నిచర్మాలు, మైనం, కొవ్వు, పంది వెంట్రుకలు మోసుకుని బళ్ళు బ్రోడీకి వచ్చేవి. రష్యా గడప దాటినప్పుడు అటువైపు కట్టవలసింది కట్టాక, ఊళ్ళోకి ప్రవేశించినప్పుడు ఆస్ట్రియాకు పైసా చెల్లించనక్కరలేదు. సరుకును గిడ్డంగిలో దించి, రకాలవారీగా వేరుచేసి, కొత్తగా మూటలు కట్టి, ధర పలికేదాకా నెలల తరబడి అట్టిపెట్టుకునే వీలుండేది. అమ్ముడైన సరుకు లైప్‌జిగ్‌కు పోతుంటే దాన్ని సీలు వేసి దారి సరుకుగా పంపేవారు. గలీషియాలోనే వాడుకునేందుకైతే మాత్రం ఊరి చుట్టూ ఉన్న ఆస్ట్రియా సుంకపు ఠాణాల దగ్గర పన్ను కట్టి లోపలికి తీసుకుపోవాలి. ఎదురు దిశలో లైప్‌జిగ్ నుంచి బట్టలు, అలంకార సామగ్రి, ఆస్ట్రియాలోని స్టిరియా నుంచి కొడవళ్ళు ఇలాగే బ్రోడీ మీదుగా రష్యాకు వెళ్ళేవి. నెపోలియను బ్రిటిష్ సరుకును ఐరోపాలోకి రానివ్వకుండా దిగ్బంధం చేసిన కాలంలో ఆ చక్కెర, కాఫీ, నూలు బట్టలు ఒడెస్సాలో దిగి, భూమార్గాన బ్రోడీకి చేరి, అక్కడి నుంచి మధ్య ఐరోపాలోకి జారుకునేవి. ఊరి చరిత్రలో అంత డబ్బు చేతులు మారిన కాలం మరొకటి లేదు.

ఇంతవరకు అందరూ రాసేదే. నాకు ముఖ్యంగా తోచేది దీనికి రెండో వైపు. బ్రోడీ సుంకపు పరిధికి వెలుపల ఉన్నది కనుక, ఆ ఊళ్ళో తయారైన వస్తువు పక్క గ్రామంలో అమ్మాలన్నా విదేశీ వస్తువులాగే సుంకం కట్టాలి. బ్రోడీలో ఒక చెప్పుల పనివాడు కుట్టిన జత, పది కిలోమీటర్ల అవతల ఉన్న ఊరి సంతకు చేరేసరికి, సామ్రాజ్యం బయటి నుంచి వచ్చిన జతతో సమానంగా పన్ను పడేది. పరిశ్రమ పెట్టదలచుకున్న ఎవరికైనా ఇది మొదటి రోజే ఎదురయ్యే అడ్డుగోడ. పైగా చేతిలో పెట్టుబడి ఉన్నవారికి సరుకు కొని అమ్మడంలో వచ్చే లాభం ముందు కర్మాగారం ఊసు రుచించలేదు. ఏ హోదా ఊరిని సంపన్నం చేసిందో అదే హోదా ఊరిని వర్తకం తప్ప మరో జీవనాధారం లేకుండా వంద సంవత్సరాలు కట్టిపడేసింది. అందుచేత 1879తో ఆ హోదా ముగియడం వల్ల బ్రోడీ చెడిపోయిందనడం కంటే, ఆ హోదా అంతకాలం కొనసాగడం వల్లనే తరువాత నిలదొక్కుకోలేకపోయిందనడం నిజానికి దగ్గరగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సార్థవాహుడు సమాధానం

పాతపటం గారు చెప్పిన రెండో వైపు చాలా విలువైనది, దానితో నాకు పేచీ లేదు. కానీ కాలక్రమం విషయంలో ఒకటి చేర్చకపోతే గవాక్షం గారి ప్రశ్నకు పూర్తి జవాబు దొరకదు. బ్రోడీ క్షీణత 1870లలో మొదలైనట్టు మాట్లాడుకుంటున్నాం. అప్పటికే ఆ ఊరు అర్ధశతాబ్దంగా కరిగిపోతూ ఉంది.

మొదటి దెబ్బ రష్యా వైపు నుంచి తగిలింది. 1822లో రష్యా ప్రభుత్వం విదేశీ తయారీ సరుకులను చాలావరకు నిషేధించే స్థాయిలో కొత్త సుంకాల పట్టిక తెచ్చింది. సరిహద్దు అనేది రెండు వైపులా తలుపులున్న గది లాంటిది. ఒకవైపు తలుపు వియన్నా ఎంత బార్లా తెరిచి ఉంచినా, అటువైపు దాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్ మూసేస్తే లోపలివాడు చేయగలిగింది లేదు. ఆ తరువాత బ్రోడీ మీదుగా రష్యాకు వెళ్ళిన పాశ్చాత్య సరుకులో దొంగచాటు రవాణా వాటా పెరగడానికి కారణం అదే.

రెండోది ఒడెస్సా. 1794లో పుట్టిన ఆ రేవు 1819 నుంచి 1859 వరకు సుంకాలు లేని స్వేచ్ఛా రేవుగా ఉంది. బ్రోడీకి ఉన్న సౌకర్యమే, దానికి తోడు సముద్రం. బ్రోడీ వర్తక కుటుంబాలు ఈ మార్పును అందరికంటే ముందుగా పసిగట్టాయి. వారిలో అనేకులు ఒడెస్సాకు వెళ్ళి బ్యాంకులు, ధాన్యపు ఎగుమతి సంస్థలు పెట్టారు. 1863లో అక్కడ వారు కట్టించుకున్న సినగాగును, అంటే యూదుల ప్రార్థనా మందిరాన్ని, నేటికీ బ్రోడీ సినగాగు అనే పిలుస్తారు. పడమట లైప్‌జిగ్‌లోనూ బ్రోడీ వర్తకులు స్థాపించుకున్న ప్రార్థనా మందిరం వారి ఊరి పేరుతోనే చెలామణి అయింది. దాని వారసురాలైన సినగాగు నివాస భవనాల మధ్య ఇరుక్కుని ఉండడం వల్ల 1938 నవంబరులో నాజీలు తగలబెట్టకుండా మిగిలిపోయి, ఆ నగరంలో నేటికీ వాడుకలో ఉన్నది. ఊరి సంపద ఎటు వెళ్ళిందో తెలుసుకోవాలంటే బ్రోడీలో వెతకడం కంటే ఈ రెండు నగరాల్లో వెతకడమే మేలు.

ఇక రైలు సంగతి. రైలుమార్గం ఊరిని దాటుకుని పోయిందని కొందరు రాస్తారు. అది సరి కాదు. కార్ల్ లుడ్విగ్ రైల్వే ల్వీవ్ నుంచి క్రాస్నె మీదుగా బ్రోడీకి 1869లోనే పట్టాలు వేసింది. 1873లో ఆ మార్గం సరిహద్దు దాటి రాద్జివిలూవ్ వైపు రష్యా రైల్వేతో కలిసింది. అంటే బ్రోడీకి రైలు తొందరగానే వచ్చింది. అసలు ఇబ్బంది క్రాస్నె దగ్గర చీలిన రెండో శాఖతో వచ్చింది. ఆ శాఖ జొలొచివ్, తెర్నోపిల్‌ల మీదుగా 1871లో పొద్‌వొలొచిస్క్ సరిహద్దుకు చేరి, అక్కడ నేరుగా ఒడెస్సా మార్గంతో ముడిపడింది. నల్లసముద్రపు ధాన్యానికి దగ్గరి దారి అదే అయింది. నిన్నటిదాకా పేరే వినని పొద్‌వొలొచిస్క్ పదేళ్ళలో సరుకు బోగీలతో కిటకిటలాడింది.

బ్రోడీ దగ్గర మిగిలింది పట్టాల మార్పిడి పని. ఆస్ట్రియా పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, రష్యా పట్టాల మధ్య దూరం 1524 మిల్లీమీటర్లు. ఆ తేడా వల్ల సరిహద్దు దగ్గర మూటలన్నీ ఒక బోగీలోంచి దించి మరో బోగీలోకి ఎక్కించాలి. కూలీలకు పని దొరికిన మాట నిజమే. అయితే ఒకప్పుడు బ్రోడీ వర్తకుడు సరుకును తన సొంత డబ్బుతో కొని, తన గిడ్డంగిలో పెట్టి, తన తెలివితో ధర కట్టి అమ్మేవాడు. ఇప్పుడు ఎవరో ఎక్కడో కొన్న సరుకును మోసి దించే చోటు మాత్రమే అతని ఊళ్ళో మిగిలింది. బేరం బెర్లిన్‌లోనో ఒడెస్సాలోనో తంతి మీద ముగిసిపోయేది. రైలు వల్ల ఊరు చెడింది అనేవారు ఈ తేడాను గమనించాలని నా మనవి: సరుకు రాకపోకలు ఆగిపోలేదు, ఆ రాకపోకల్లో ఊరివారి పాత్ర ఆగిపోయింది.

ఈ వరుసలో చూస్తే 1879 చివరికల్లా స్వేచ్ఛా హోదా పోవడం అన్నిటికన్నా చిన్న దెబ్బ. అప్పటికి ఆ హోదా వల్ల లాభపడుతున్నది కొద్దిమంది పెద్ద వర్తకులు, సరిహద్దు దొంగరవాణాదారులు మాత్రమే. దాన్ని తీసివేయాలని ఊళ్ళోనే కోరినవారు ఉండడంలో ఆశ్చర్యం లేదు.

గవాక్షం

ఇద్దరికీ కృతజ్ఞతలు. హోదా పరిశ్రమను అడ్డుకున్నదన్న విషయమూ, క్రాస్నె దగ్గర మార్గం చీలిన విషయమూ నాకు పూర్తిగా కొత్తవి. నా ప్రశ్నను నేను వేసుకున్న తీరే వీటివల్ల మారిపోయింది. ఇంకొక సందేహం మాత్రం మిగిలింది. 1880 తరువాత కూడా ఊరి జనాభా పెద్దగా పడిపోలేదని చదివాను. జీవనాధారం పోయిన ఊళ్ళో అంతమంది దేనిమీద బతికారు? అప్పటి జనంలో నాలుగింట మూడు వంతులు యూదులే కదా, వారు ఈ నేల మీద నుంచి ఎలా మాయమయ్యారో, ఊళ్ళో ఇప్పుడు వారి జాడలు ఏమున్నాయో తెలిసినవారు చెప్పగలరా?

నీలిరేవు సమాధానం

గవాక్షం గారూ, వర్తకం వైపు నుంచి పై ఇద్దరూ చక్కగా చెప్పారు. మనుషుల వైపు నుంచి చెప్పవలసింది నేను ప్రయత్నిస్తాను.

1880 నాటికి ఊళ్ళో సుమారు 20 వేల మంది ఉన్నారు. వారిలో 15 వేలకు పైగా యూదులు. ఆ సంఖ్య వెనుక ఉన్నది వర్తకం ఒక్కటే కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రోడీ యూదుల విద్యాకేంద్రాల్లో ఒకటి. ఊరి పెద్దల పోషణలో పండితులు జీవితకాలం చదువుకే అంకితమై ఉండే ఒక పీఠం ఇక్కడ ఉండేది. ఆ తరువాత ప్రేగ్ ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) అయిన యెహెజ్‌కేల్ లాందౌ యౌవనంలో అక్కడే చదివాడు. 1756లో తానే మెస్సయ్యనని చెప్పుకున్న యాకబ్ ఫ్రాంక్ అనుచరులను, 1772లో కొత్తగా తలెత్తిన హసీదీ సంప్రదాయాన్ని వెలివేస్తూ ఈ ఊరి నుంచే ప్రకటనలు వెలువడ్డాయి. అంటే తూర్పు ఐరోపా యూదులకు ఏది ధర్మమో ఏది అపచారమో తేల్చగల అధికారం ఈ చిన్న ఊరు తనకున్నదని భావించింది, ఇతరులు ఆ భావనను గౌరవించారు. ఇంకో తరం గడిచేసరికి ఇదే ఊరు ఆధునిక విద్యను కోరుకునే హస్కలా ఉద్యమానికీ నిలయమైంది. తత్త్వవేత్త నాహ్‌మన్ క్రోఖ్‌మాల్ 1785లో ఇక్కడే పుట్టాడు. లైప్‌జిగ్‌కు ఏటా వెళ్ళివచ్చే వర్తకుడి పెట్టెలో బట్టలతోపాటు జర్మన్ పుస్తకాలూ వచ్చేవి. అందుకే యూదు సమాజం 1818లోనే జర్మన్ బోధనాభాషగా బడి పెట్టుకుంది. 1894లో ఇక్కడ పుట్టిన జర్మన్ నవలాకారుడు జోసెఫ్ రోత్ 1913లో ఇక్కడి గిమ్నాజియం (ఉన్నత పాఠశాల) నుంచే పట్టా పుచ్చుకున్నాడు. గలీషియా అంతటా పోలిష్ భాష పాఠశాలలను ఆక్రమించుకున్న కాలంలో కూడా బ్రోడీ చాలాకాలం జర్మన్‌ను వదలలేదు.

ఇక మీరు అడిగిన బతుకుతెరువు సంగతి. చిన్నపాటి అంగళ్ళు, సారాయి దుకాణాలు, బండి తోలడం, దర్జీపని, రైల్వే స్టేషన్లో బరువులు మోయడం: ఇవే ఎక్కువమందికి ఆధారం. వలస మరొక ఆధారం. ల్వీవ్‌కు, వియన్నాకు, అమెరికాకు వెళ్ళినవారు పంపే డబ్బుతో ఎన్నో కుటుంబాలు నెట్టుకొచ్చాయి. తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిద్దిష్ నాటకరంగానికి పూర్వరంగమని చెప్పదగ్గ బ్రోడీ గాయకులు కూడా ఈ వాతావరణంలోంచి వచ్చినవారే. బెర్ల్ బ్రోడెర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు, ఆయన బాటలో నడిచినవారు సత్రాల్లో, సారాయి అంగళ్ళలో కాపరి వేషమో, నీళ్ళు మోసేవాడి వేషమో కట్టి, ఆ మనిషి కష్టసుఖాలను పాటగా పాడేవారు. వినేవారు సంతలకు వచ్చిన వర్తకులు, బండివాళ్ళు. పేదవాడి బతుకును పాటకు వస్తువుగా తీసుకున్న ఆ ధైర్యం ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

1881లో ఇంకొక పెద్ద అలజడి ఎదురైంది. రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తరువాత దక్షిణ రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు చెలరేగినప్పుడు, ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయి వచ్చినవారికి సరిహద్దు దాటగానే తగిలే మొదటి ఊరు బ్రోడీయే. 1882 వేసవి నాటికి వచ్చిచేరిన శరణార్థులు పది వేలకు పైగా ఉన్నారు. అంటే తమకే గింజలు చాలని ఊళ్ళోకి, ఊరి జనంలో సగానికి పైగా కొత్తవాళ్ళు వచ్చిపడ్డారు. పారిస్ నుంచి విశ్వ యూదు సమాఖ్య తరఫున షార్ల్ నెత్తెర్ వచ్చి, వారిని విడతలవారీగా అమెరికాకు పంపే ఏర్పాట్లు చేశాడు. తిండి, వసతి, జబ్బులు, ఎవరిని ముందు పంపాలన్న తగాదాలు అన్నిటినీ ఆ చిన్న ఊరు మోసింది. ఇంకొన్ని దశాబ్దాలకు మొత్తం ఐరోపాను కదిలించిన శరణార్థుల సంక్షోభాలకు తొలి రూపాల్లో ఒకటి ఇక్కడ చూడవచ్చు. బ్రోడీ పతనాన్ని గురించి రాసేవారు ఈ అధ్యాయాన్ని ఒక వాక్యంతో దాటేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం ఆ ఊరి మీదుగా సైన్యాలనే నడిపించింది. 1914 ఆగస్టులో రష్యా సేనలు వచ్చాయి, మరుసటి ఏడు ఆస్ట్రియా తిరిగి పట్టుకుంది, 1916 జులై చివర రష్యా సేనాని బ్రుసీలవ్ దండయాత్రలో మళ్ళీ రష్యా చేతికి పోయింది. 1920లో పోలండు సేనలకూ ఎర్రసైన్యపు ఆశ్వికదళానికీ మధ్య ఈ ఊరి చుట్టూనే పోరు సాగింది. 1921 జనాభా లెక్కల్లో మిగిలినవారు పదకొండు వేలలోపు. 1939 సెప్టెంబరులో సోవియట్ పాలన, 1941 జూన్ ఆఖరి వారంలో దుబ్నో, లుత్స్క్, బ్రోడీల నడుమ ప్రపంచ చరిత్రలోనే అతి పెద్ద ట్యాంకు యుద్ధాల్లో ఒకటి, ఆ వెంటనే జర్మన్ ఆక్రమణ.

ఆ తరువాత జరిగినది క్లుప్తంగానే చెబుతాను. 1942 సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఇంకొకసారి బ్రోడీ యూదులను వేల సంఖ్యలో రైలు పెట్టెల్లో కుక్కి బెల్‌జెట్స్ మృత్యుశిబిరానికి పంపారు. మిగిలినవారిని ఘెట్టోలో బంధించి, 1943 మే నెలలో దాన్ని ఖాళీ చేయించి చంపారు. అడవుల్లోనో, దాచినవారి ఇళ్ళలోనో బతికి బయటపడ్డవారు అతి కొద్దిమంది. రెండు వందల ఏళ్ళు ఊరిలో మెజారిటీగా ఉన్న సమాజం ఎనిమిది నెలల్లో తుడిచిపెట్టుకుపోయింది. 1944 జులైలో ఎర్రసైన్యం ఇక్కడ ఒక జర్మన్ సైనిక కోర్‌ను చుట్టుముట్టి నాశనం చేసి ఊరిని స్వాధీనపరుచుకున్నప్పుడు, ఆ విముక్తిని చూడడానికి వారు లేరు. యుద్ధం ముగిశాక సరిహద్దులు మారడంతో పోలిష్ ప్రజలను కూడా పశ్చిమానికి తరలించారు. నేటి బ్రోడీ వాసుల్లో అత్యధికుల తాతముత్తాతలు యుద్ధానికి ముందు ఈ వీధుల్లో ఉన్నవారు కారు.

జాడల విషయానికి వస్తే మూడు చెప్పాలి. 1742 నాటి అగ్నిప్రమాదం తరువాత కట్టిన పాత పెద్ద సినగాగు ఊరి నడిబొడ్డున శిథిలంగా నిలబడి ఉంది. కోటగోడంత మందమైన గోడలున్నా, కప్పు కూలిపోయి, లోపల చెట్లు మొలిచాయి. అది పూర్తిగా నేలకూలకముందే ఏదో ఒక ప్రభుత్వం పట్టించుకోవాలని నేను మనసారా కోరుకుంటున్నాను. రెండోది ఊరి అంచున ఉన్న యూదుల శ్మశానం. అక్కడ వేల రాళ్ళు నేటికీ నిలిచి ఉన్నాయి. మనిషి ఎత్తున్న పలకల మీద పైభాగాన ఎదురెదురుగా నిలుచున్న సింహాలు, పురోహిత వంశీయుల సమాధుల మీద ఆశీర్వదిస్తున్న రెండు చేతులు, కిందంతా హీబ్రూ అక్షరాలు. గలీషియాలో ఇంత పెద్ద సంఖ్యలో సమాధిరాళ్ళు మిగిలిన చోట్లు తక్కువ. మూడోది కోట: పొతొత్స్కీల భవనం, మట్టికట్టల కింద ఉన్న ఇటుక గదులు కొన్ని మిగిలాయి. అక్కడికి వెళ్ళేవారు దగ్గరలోనే ఉన్న పిద్‌హిర్త్సీ కోటను కూడా చూడాలి. అది కూడా కొనియెత్స్‌పోల్స్కీ కట్టించుకున్నదే. ఊరు కొన్న మనిషి అభిరుచి ఎలాంటిదో అది చూస్తేనే అర్థమవుతుంది.

పాతపటం

నీలిరేవు గారు చెప్పినదాని తరువాత వర్తకం గురించి మాట్లాడడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, సార్థవాహుడు గారి వాదానికి బదులుగా ఒక్కటి చెప్పి విరమిస్తాను. హోదా రద్దు కావడం చిన్న దెబ్బేనని వారన్నారు. పెద్ద వర్తకుల లెక్కలో అది నిజమే. కానీ మామూలు మనిషి లెక్క వేరు. నూరేళ్ళపాటు ఊళ్ళో చక్కెర, కాఫీ, బట్ట చుట్టుపక్కల ఊళ్ళకంటే చౌకగా దొరికేవి. పన్ను లేని ధరలకు అలవాటు పడిన కుటుంబాల ఖర్చు 1880లో ఉన్నట్టుండి పెరిగింది. అదే సమయంలో శరణార్థులు వచ్చారు. ఆదాయం లేని ఊళ్ళో ధరలు పెరగడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గవాక్షం గారి మొదటి ప్రశ్నకు తుది పరీక్షగా పోలండుకూ సోవియట్ రష్యాకూ మధ్య కుదిరిన 1921 నాటి రీగా సంధిని తీసుకోవచ్చు. ఆ సంధితో సరిహద్దు తూర్పుకు జరిగి, బ్రోడీ, రాద్జివిలూవ్ రెండూ ఒకే పోలండులోకి వచ్చాయి. సుంకపు గీత లేదు, పట్టాల తేడాను సరిచేశారు, రష్యా నిషేధాలు లేవు. అడ్డంకులే పతనానికి కారణమైతే ఊరు అప్పుడు కోలుకుని ఉండాలి. అది జరగలేదు. సరిహద్దు ఉన్నందువల్ల పుట్టిన వర్తకానికి, సరిహద్దు పోయాక చోటు లేదు. ఆ వర్తకం తప్ప వేరే పని నేర్చుకునే అవకాశం ఊరికి ఇవ్వలేదు.

ఒడెస్సాతో దారి మాత్రం ఇంకో రూపంలో తిరిగి ఏర్పడింది. 2001లో పూర్తయిన ఒడెస్సా-బ్రోడీ చమురు గొట్టపు మార్గం పొడవు 674 కిలోమీటర్లు. కాస్పియన్ చమురును నల్లసముద్రం నుంచి బ్రోడీకి తెచ్చి, అక్కడున్న, రష్యా నుంచి వచ్చే ద్రూఝ్బా చమురు గొట్టపు మార్గంలో కలిపి మధ్య ఐరోపాకు పంపాలని దాన్ని వేశారు. 2004 నుంచి కొన్నేళ్ళపాటు అది తిరగబడి, రష్యా చమురును బ్రోడీ నుంచి ఒడెస్సాకు మోసింది. ఆ గొట్టంలో చమురు ఏ దిక్కున పారాలో అప్పుడు కూడా నిర్ణయించింది బ్రోడీ వాసులు కారు.